చెఱకు తీపియు కీళ్ళ వాతమును

మన పూర్వులు తెలుగుసీమను విడిచి దక్షిణమునకు వచ్చిన కథను ఇట్టి సంచికలలో పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. పదునాలుగవ శతాబ్దమున విజయనగర సేనలు మధురను జయించిన పిదప కొందఱును, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుని ఏలుబడి మొదలైన పిదప మఱికొందఱును వచ్చి, మధుర, కోయంబత్తూరు సీమలలో స్థిరపడిరి. వారి భాషను గూర్చియు, ఇలవేల్పులను గూర్చియు మనము చాల చెప్పుకొందుము. వారి విస్తరిని గూర్చి చెప్పుకొనుట తక్కువ. ఆ విస్తరిలోని తీపి యను ఒక్క వస్తువును తీసికొని, అది మన కీళ్ళకు చేసిన పనిని ఇచ్చట విచారింపదలచితిమి. మేము వైద్యులము కాము. ముప్పది యేండ్లు లెక్కల పుస్తకములు వ్రాసి విశ్రాంతి పొందినవారము. కావున దీనినిగూడ ఒక లెక్కగానే చూడుదము.

నల్లరేగడి నేలల సేద్యగాండ్రకు నిత్యాహారము జొన్న, సజ్జ, రాగి. ఉదయము మజ్జిగ పోసిన చల్ది, ఉల్లిపాయ. మధ్యాహ్నము సంగటి, పులుసు. బెల్లము లేకపోలేదు. చెఱకు గానుగ ఆడు దినములలో పిల్లలు బెల్లపు పెనము చుట్టు మూగుట మా బాల్యమున మేమును ఎఱుగుదుము. తాటిబెల్లమైన కరుపట్టియు ఈ సీమలో సమృద్ధియే. ఐనను తీపికి ఒక వేళ యుండెను. ఉగాదికి బొబ్బట్లు, శ్రీరామనవమికి పానకము, సంక్రాంతికి పొంగలి, పెండ్లికి పాయసము. ఎండలో నడిచి వచ్చిన చుట్టమునకు మొదట ఇచ్చునది మజ్జిగయే. మా అవ్వ బెల్లపు కుండను ఉట్టిమీద పెట్టెడిది. అది క్రిందికి దిగిన దినము మాకు పండుగ.

ఆ కుండను ఉట్టినుండి దింపి నిత్యము ముంగిట పెట్టిన చరిత్రలో మన కోయంబత్తూరుకు పెద్ద పాత్ర కలదు. 1912లో ఇచ్చట చెఱకు ప్రజనన కేంద్రము నెలకొల్పబడెను. బార్బరు దొరయు, టి. యస్. వెంకట్రామన్ గారును లావుపాటి తీపి చెఱకును అడవి రెల్లుతో సంకరము చేయగా పుట్టిన కో 205 అను వంగడము 1918లో వెలువడెను. ‘కో’ యనునది కోయంబత్తూరు పేరులోని తొలి అక్షరమే. రెల్లు మొండితనమును, చెఱకు తీపియు గల ఈ జాతి ఉత్తరదేశపు పొలములలో పాత సన్న చెఱకును వెనుకకు నెట్టెను. దాని వెంట మఱెన్నియో ‘కో’ చెఱకులు వచ్చెను. 1932లో దేశీయ చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టము వచ్చిన పిదప, కొలది యేండ్లలోనే చక్కెర మిల్లులు కొన్ని రెట్లు పెరిగెను.

తెల్ల చక్కెరను తమిళసీమలో ‘అస్కా’ యనుట పెద్దలకు తెలిసినదే. అప్పటి మద్రాసు రాజధానిలోనిదైన గంజాము జిల్లా అస్కా ఊరి కర్మాగారమునుండి వచ్చిన సరుకగుటచే ఆ పేరు కలిగెనందురు. ఇంతలో మన బ్రతుకు తీరును మారెను. కోయంబత్తూరులో 1888లో తొలి నూలు మిల్లు వెలసెను. 1930ల తొలినాళ్ళలో పైకారా విద్యుత్తు వచ్చినది మొదలు మిల్లులు వరుసగా లేచెను. నాగలి వెంట నడచిన వంశములవారు మిల్లులలోను, కచేరీలలోను, అంగళ్ళలోను కూర్చుండి పని చేయసాగిరి. కాళ్ళకు నడక తగ్గెను. చేతికి కాఫీ గ్లాసు వచ్చెను.

ఇక మా కథ. ఉద్యోగము మానిన మూడవ యేట ఒక రాత్రి మా కుడికాలి బొటనవ్రేలి కీలు నిప్పువలె మండెను. దుప్పటి అంచు తగిలినను ఓర్వలేకపోతిమి. రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లము 8.6 అని తేలెను. ఇంటనున్నవారును, ఇరుగుపొరుగువారును ఒక్కమాటగా పప్పు మానుమనిరి. మానితిమి. ఏడాదిపాటు కందిపప్పు ముట్టలేదు. ఐనను నొప్పి మఱి రెండుసార్లు వచ్చెను. అప్పుడు చికిత్స చేయుచున్న యువవైద్యురాలు, “తాతగారూ, దినమునకెన్ని కాఫీలు? గ్లాసునకెన్ని చెంచాల చక్కెర?” అని అడిగెను. ఇంతవరకు మమ్ము ఎవరును అడుగని ప్రశ్న అది.

ఈ ప్రశ్న క్రొత్తదియు కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున వాతరక్తమునకు ఒక అధ్యాయమే కలదు. అందు మాంసము, మద్యము, ఉలవలు, మినుములతోబాటు చెఱకును కారణములలో చేర్చిరి. సుకుమారులకును, మృష్టాన్నములు తిని సుఖించువారికిని, నడక లేనివారికిని ఇది తఱచుగా వచ్చుననిరి. ధనికుల వాతమని అర్థమిచ్చు ఆఢ్యవాతమను పేరును దీనికి కలదు. నేటి గౌటు వ్యాధియు ఇదియు పూర్తిగా ఒక్కటే యనలేము గాని పోలిక స్పష్టము. పడమటి దేశములలో 1776లో షీలే అను శాస్త్రజ్ఞుడు మూత్రాశయపు రాతియందు యూరిక్ ఆమ్లమును కనుగొనెను. గౌటు రోగుల రక్తమున అది అధికమై యుండునని 1848లో గ్యారడ్ అను ఆంగ్ల వైద్యుడు చూపెను.

తీపికిని దీనికిని గల సంబంధమేమి? మనము వాడు చక్కెర సగము గ్లూకోజు, సగము ఫ్రక్టోజు. బెల్లమందును, కరుపట్టియందును అధికభాగము ఈ చక్కెరయే. గ్లూకోజును శరీరమంతయు వాడుకొనును. ఫ్రక్టోజులో చాలభాగము కాలేయమునకు చేరును. దానిని మార్చుటకు కాలేయకణములు ఏ.టి.పి. యను శక్తిద్రవ్యమును ఖర్చుచేయవలెను. గ్లూకోజు విషయమున ఈ ఖర్చునకు అదుపు కలదు. ఫ్రక్టోజు విషయమున, పై అధికారి సంతకము లేకయే ఖజానానుండి చెల్లింపు జరిగినట్లు, వచ్చినదానికెల్ల ఖర్చు జరిగిపోవును. ఒక్కుమ్మడిగా ఎక్కువ వచ్చినచో ఖజానా తఱుగును. ఖర్చుపడిన ద్రవ్యపు శేషము విఱిగి విఱిగి తుదకు యూరిక్ ఆమ్లమగును. పెక్కు జంతువులలో దానిని కరిగించు ఎంజైము కలదు. మానవజాతికి పూర్వపు జీవులే దానిని బహుకాలము క్రిందటనే కోల్పోయెను. మూత్రపిండములు బయటకు పంపగలిగినంతకంటె ఎక్కువ తయారై, నూరు మిల్లీలీటర్ల రక్తమున ఇంచుమించు 6.8 మిల్లీగ్రాములు దాటినచో, అది సూదులవంటి స్ఫటికములై కీళ్ళలో చేరవచ్చును.

ఫ్రక్టోజు ఇచ్చినంతనే రక్తమున యూరిక్ ఆమ్లము పెరుగునని 1967లో ఫిన్లాండు వైద్యులు ప్రకటించిరి. 46,000 మందికి పైగా పురుషులను 12 యేండ్లు గమనించిన పరిశీలన 2008లో వెలువడెను. చక్కెర కలిపిన శీతలపానీయములు దినమునకు రెండుగాని అంతకుమించిగాని త్రాగువారికి, నెలకొకటికూడ త్రాగనివారికంటె గౌటు ముప్పు 85 శాతము అధికమని అందు తేలెను. 2004 నాటి మఱియొక పరిశీలనలో మాంసము, చేపలు ముప్పును పెంచెను, పప్పుదినుసులు పెంచలేదు, పాడి పదార్థములు తగ్గించెను. మేము మానినది పప్పు. మానవలసినది గ్లాసు అడుగున కరిగియుండెను.

వంశలక్షణము, స్థూలకాయము, మద్యము, మూత్రపిండముల జబ్బు, కొన్ని మందులు గూడ దీనికి కారణములే. తీపి యొక్కటియే దోషి యనుట న్యాయము కాదు. ఐనను లెక్క చూడుడు. దినమునకు ఐదు కాఫీలు, గ్లాసునకు రెండు చెంచాలు, చెంచా ఐదు గ్రాములు: మొత్తము 50 గ్రాములు, నెలకు కిలోన్నర. అదియు పండుగ పిండివంటలను కలుపక. మా అవ్వ ఇల్లంతటికి ఉట్టిమీద దాచిన బెల్లమును మేమొక్కరమే ప్రతినెల త్రాగుచుంటిమి! ముప్పది యేండ్లు ఇతరుల లెక్కలలో పైసా తేడా పట్టిన మేము దీనిని పట్టలేకపోతిమి.

ఇప్పుడు కాఫీ చక్కెర లేకయే త్రాగుచున్నాము. వైద్యురాలిచ్చిన మాత్రలను మానలేదు. ఎవరును తమంతట మానరాదు. పప్పు మరల విస్తరిలోనికి వచ్చినది. ఉగాదినాడు ఒక బొబ్బట్టు తిందుము. దాని రుచి ఇప్పుడే తెలియుచున్నది.

మన యిండ్లలో తెలుగు నిలువవలెనని సభలు చేయుచున్నాము, మంచిదే. వేసవిలో ఇంటికి వచ్చిన మనుమనిచేతికి సీసాలోని తీపినీరును, జిగర్తండా గ్లాసును నిత్యము ఇచ్చుటకు మాఱుగా, కరివేపాకు, అల్లము వేసిన మజ్జిగ నిచ్చి, దాని పేరు తెలుగులో చెప్పింపుడు. పూర్వుల మాటయు, పూర్వుల మితమును ఒక్క గ్లాసులోనే నిలుచును.