మిగులు ఎవరిది? – టర్బో సెడాన్‌లూ, వాటిని మార్చుకున్నవాళ్ళూ

1995లో ఆడి ఏ4 సెడాన్‌లో వచ్చిన 1.8 లీటర్ల టర్బో ఇంజను 150 హార్స్‌పవర్ ఇచ్చేది. 1998లో ఆడి టీటీలో అదే కుటుంబపు ఇంజను 180, 225 హార్స్‌పవర్‌ల రెండు రకాలుగా వచ్చింది. స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ యూరప్‌లో 180తో అమ్ముడుపోతే, అదే పేరుతో 2004లో భారతదేశానికి వచ్చిన కారుకు 150 మాత్రమే దక్కింది. 225 రకంలో పెద్ద టర్బో, వేరే అమరిక ఉన్న మాట నిజమే. కాని 150కీ 180కీ మధ్యనున్న తేడాలో ఎక్కువ వంతు లోహంలో లేదు. ఎంత గాలిని ఎంత ఒత్తిడితో లోపలికి పంపాలో చెప్పే అంకెల్లో ఉంది.

అంటే కంపెనీ తాను తయారుచేసిన ఇంజనులో కొంత బలాన్ని వాడకుండా వదిలేసింది. టర్బో సెడాన్‌లను మార్చుకొనేవాళ్ళ ఉద్యమమంతా ఈ మిగులు చుట్టూ అల్లుకున్నదే. ఆ మిగులు ఎవరిది? డబ్బు పోసి కొన్నవాడిదా, వారంటీ ఇచ్చిన కంపెనీదా, ఆ కారు వెనక గాలి పీల్చే ఊరిదా? ఈ ప్రశ్నకు గత అరవై ఏళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పుకున్నారు.

వృథాపోయే వేడి

పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో దాదాపు మూడోవంతు పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఆ వేడిగాలితో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రంతో తాజా గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపితే, అంతే పరిమాణంలో ఉన్న ఇంజను ఎక్కువ ఇంధనాన్ని మండించగలదు. ఈ ఊహకు 1905లో జర్మనీలో పేటెంటు తీసుకున్నవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి. అది నిలదొక్కుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1925లో ఆయన పద్ధతి వల్ల పది సిలిండర్ల డీజిల్ ఇంజను ఒకటి 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు ఎదిగింది. ఈలోగా 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానపు ఇంజనును కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం మీదికి, దాదాపు 14,000 అడుగుల ఎత్తుకు చేర్చి, పలచని గాలిలో అది కోల్పోయే బలాన్ని టర్బోతో తిరిగి రాబట్టవచ్చునని నిరూపించాడు.

ఓడలోనూ విమానంలోనూ ఇంజను గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది. నిపుణుడైన మనిషి పక్కనే ఉండి చూసుకుంటాడు. కారు అలా కాదు. సిగ్నలు దగ్గర ఆగుతుంది, మరుక్షణం ఉరుకుతుంది. నడిపేవాడికి ఇంజను గురించి ఏమీ తెలియకపోవచ్చు. టర్బోను కారులోకి తేవడంలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

రెండు తొలి ఓటములు

1962లో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే కారును విడుదల చేసింది. 3.5 లీటర్ల అల్యూమినియం వి8 ఇంజను, 215 హార్స్‌పవర్. సిలిండరులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని మరీ ఎక్కువగా ఒత్తితే, నిప్పురవ్వ పుట్టించిన మంట చేరకముందే ఒక మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. ఆ దెబ్బలకు పిస్టన్ అంచులు విరుగుతాయి, పైభాగం కరుగుతుంది. జెట్‌ఫైర్‌లో దీనికి విరుగుడుగా నీరు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు ఉండేది. దానికి వేరే తొట్టి. అది ఖాళీ అయితే టర్బో ఒత్తిడి తగ్గిపోయేలా రక్షణ కూడా పెట్టారు. కాని చాలామంది యజమానులు ఆ తొట్టి నింపడమే మానేశారు. కొన్న బలం కనబడక కారునే తప్పుపట్టారు. రెండేళ్ళలో పదివేల లోపే తయారై కారు ఆగిపోయింది. 1965లో కంపెనీయే టర్బో తీసేసి మామూలు కార్బురేటరు బిగించి ఇస్తామంది. యజమాని శ్రద్ధ మీద భారం వేసిన రక్షణ నిలవదని ఆ కారు నేర్పింది.

రెండోది బీఎమ్‌డబ్ల్యూ 2002 టర్బో. 1973లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనబడిన ఈ రెండు తలుపుల సెడాన్ 170 హార్స్‌పవర్ ఇచ్చేది. ముందున్న కారు అద్దంలో సరిగ్గా చదవడానికి వీలుగా దాని ముక్కు మీద పేరును తిరగేసి రాశారు; పక్కకు తప్పుకొమ్మని హెచ్చరిక. జర్మనీలో దాని మీద గొడవ జరిగి ఆ రాత తీసేయవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చిపడింది. తయారైన కార్లు మొత్తం 1,672. ఇంజనులో బలం ఉన్నా, దాన్ని భరించే కాలం లేకపోయింది.

వినే ఇంజను

మూడో జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. 1977లో సాబ్ కంపెనీ 99 టర్బోను ప్రదర్శించింది. పెర్ యిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో తయారైన ఈ కారు లెక్క వేరు. అత్యధిక వేగం కోసం పెద్ద టర్బో పెట్టకుండా, రోజువారీ ప్రయాణంలో మధ్యస్థ వేగం దగ్గరే ఊపునిచ్చే చిన్న టర్బో ఎంచుకున్నారు. ఒత్తిడి ఒక హద్దు దాటగానే వేడిగాలిని పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు దానికి కాపలా. రెండు లీటర్ల ఇంజను 145 హార్స్‌పవర్ ఇచ్చింది. టర్బో లేని రకానికి 118.

అసలు మలుపు ఆ తర్వాతిది. 1980ల మొదట్లో సాబ్ ఏపీసీ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇంజను దిమ్మెకు ఒక సెన్సరు బిగించారు. అది నాకింగ్ తాలూకు కంపనాన్ని పసిగడుతుంది. వినబడిన వెంటనే వేస్ట్‌గేట్ తెరిపించి ఒత్తిడి తగ్గిస్తుంది. సద్దుమణిగాక తిరిగి పెంచుతుంది. అంతవరకూ మిగులు అంటే భయంతో వదిలిన జాగా. దొరికే పెట్రోళ్ళలో అన్నిటికన్నా నాసిరకాన్ని, ఎండాకాలాన్ని, ఎత్తు రోడ్డును ఊహించుకొని, ఆ మూడూ ఒకేసారి వచ్చినా నష్టం జరగకుండా ఒత్తిడిని ఒకేచోట బిగించేసేవారు. ఏపీసీ తర్వాత మిగులు కొలతకు లొంగింది. మంచి పెట్రోలు పోస్తే ఇంజను ఎక్కువ బలమిస్తుంది. నాసిరకం పోస్తే తనను తాను తగ్గించుకుంటుంది. యజమాని గుర్తుపెట్టుకోవలసిన తొట్టి ఏదీ లేదు. జెట్‌ఫైర్ ఓడినచోట సాబ్ గెలవడానికి కారణం ఇదే.

ర్యాలీ ఇచ్చిన కారు, ఒప్పందం దాచిన అంకె

1986లో వరుస ప్రమాదాల్లో ప్రేక్షకులూ డ్రైవర్లూ చనిపోవడంతో ప్రపంచ ర్యాలీ పోటీల నుంచి గ్రూప్ బి కార్లను తొలగించారు. వాటి స్థానంలో వచ్చిన గ్రూప్ ఏ నియమం ప్రకారం, పోటీకి తెచ్చే కారు మామూలు జనానికి వేల సంఖ్యలో అమ్మినదై ఉండాలి. ఆ నియమం ఒత్తిడి వల్లనే 1992లో జపాన్‌లో రెండు కార్లు పుట్టాయి: 240 హార్స్‌పవర్‌తో సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్, 250తో మిత్సుబిషి లాన్సర్ ఎవొల్యూషన్. రెండూ నాలుగు తలుపుల సెడాన్‌లే. రెండింటికీ రెండు లీటర్ల టర్బో ఇంజను, నాలుగు చక్రాలకూ బలం. 1995లో కాలిన్ మెక్‌రే ఇంప్రెజాతో ప్రపంచ విజేత అయ్యాడు. 1996 నుంచి 1999 వరకూ నాలుగేళ్ళూ లాన్సర్‌తో టామీ మాకినెన్ ఆ కిరీటాన్ని వదలలేదు.

ర్యాలీ మార్గాన్ని, దాని రాళ్ళనూ దుమ్మునూ తట్టుకోవడానికి కట్టిన ఇంజనుకు ఇంటి ముందు రోడ్డు మీద మిగులు సహజంగానే ఎక్కువ. దాని పైన ఇంకో మూత కూడా ఉండేది. జపాన్ కంపెనీలు తమలో తాము కుదుర్చుకున్న అవగాహన ప్రకారం 1980ల చివరి నుంచి 2004 దాకా అక్కడ అమ్మే ఏ కారుకూ 280 హార్స్‌పవర్‌కు మించిన అంకె ప్రకటించలేదు. 1996 నాటికి లాన్సర్, ఇంప్రెజాల ఉత్తమ రకాలు రెండూ ఆ అంకెకు చేరి ఆగిపోయాయి. ఏటా ఇంజను మెరుగవుతున్నా కాగితం మీద అంకె కదలదు. కొన్నవాళ్ళకు దీనిలో వినిపించిన సందేశం ఒకటే: లోపల ఇంకా ఉంది, తీసుకొనేవాడు తీసుకోవచ్చు.

ఈ కార్లు అమెరికాకు ఆలస్యంగా వచ్చాయి. డబ్ల్యూఆర్‌ఎక్స్ 2002 మోడలుగా 227 హార్స్‌పవర్‌తో, లాన్సర్ ఎవొల్యూషన్ 2003లో 271తో, ఇంప్రెజా ఎస్‌టీఐ 2004 మోడలుగా 300తో. పదేళ్ళు వీడియో ఆటల్లో వీటిని నడిపిన తరం వాటికోసం కాచుకొని ఉంది.

మార్చడమంటే ఏమిటి

మొదట్లో పని మోటుగా ఉండేది. వేస్ట్‌గేట్‌కు ఒత్తిడి కబురు చేరవేసే రబ్బరు గొట్టంలో ఒక చిన్న రంధ్రం పెడితే, అసలు ఒత్తిడి కంటే తక్కువే ఉందని దానికి అనిపిస్తుంది. తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది. టర్బో ఇంకాస్త ఊదుతుంది. ఖర్చు కొద్ది డాలర్లు. కాని పెరిగిన గాలికి తగ్గ పెట్రోలు అందిందో లేదో ఎవరూ చూడలేదు.

2000ల మధ్యలో ఈ పని కంప్యూటరులోకి మారింది. కారు లోపలి నియంత్రణ కంప్యూటరులోని అంకెల పట్టికలను చదివి, మార్చి, తిరిగి రాసే ఈసీయూఫ్లాష్, రోమ్‌రైడర్ వంటి సాఫ్ట్‌వేర్‌లను ఔత్సాహికులే తయారుచేసి ఉచితంగా పంచారు. ఏ వేగం వద్ద, ఎంత గాలికి, నిప్పురవ్వ ఎన్ని డిగ్రీల ముందు పడాలి అన్న పట్టిక ఇప్పుడు ల్యాప్‌టాప్ తెర మీద కనబడుతుంది. ప్రోగ్రామర్లకు ఇది పరిచయమైన లోకమే: పాత కోడ్, రాసినవాడు వదలని వివరణ, పరీక్షించడానికి ఒకే ఒక్క యంత్రం, అది విఫలమైతే వేల డాలర్ల నష్టం.

పద్ధతి కూడా కుదురుకుంది. మొదటి మెట్టులో అంకెలు మాత్రమే మారతాయి. రెండో మెట్టులో టర్బో తర్వాతి పొగగొట్టం వెడల్పవుతుంది. మూడో మెట్టులో పెద్ద టర్బో, దానితో పాటు పెద్ద ఇంజెక్టర్లు, బలమైన పెట్రోలు పంపు, ఇంకా చల్లబరిచే ఇంటర్‌కూలర్. గాలిని ఒత్తితే అది వేడెక్కుతుంది. వేడి గాలి నాకింగ్‌ను పిలుస్తుంది. అందువల్ల ఏ ఒక్క భాగాన్నీ ఒంటరిగా పెంచడానికి వీల్లేదు. ఒకచోట తీసిన మిగులుకు ఇంకోచోట చెల్లించాలి.

చాలా ఇంజనులను పాడుచేసినవి పెట్రోలు అంకెలు. జపాన్‌లో హై-ఆక్టేన్ పెట్రోలు 100కు అటూ ఇటూ ఉంటుంది. కాలిఫోర్నియా బంకులో ప్రీమియం మీద 91 అని రాసి ఉంటుంది. ఈ రెండూ ఒకే కొలత కావు. జపాన్‌లో, యూరప్‌లో, భారతదేశంలో రిసెర్చ్ ఆక్టేన్ చూపిస్తారు; అమెరికాలో రిసెర్చ్, మోటార్ ఆక్టేన్‌ల సగటు చూపిస్తారు. కాలిఫోర్నియా 91 అంటే ఆ దేశాల లెక్కలో సుమారు 95, 96. భారతదేశంలో చాలాకాలం సాధారణ పెట్రోలు 91గా ఉండేది; అది అమెరికా బంకులో 87 అని రాసినదానికి దగ్గర. జపాన్ కారు పట్టికలను యథాతథంగా కాలిఫోర్నియా పెట్రోలు మీద నడిపినవాడు, కంపెనీ వదిలిన మిగులును మొదటి రోజే తెలియకుండా ఖర్చుపెట్టినట్టు.

మూడో హక్కుదారు

ఇంజను పాడైతే నష్టం యజమానిదే అనుకోవచ్చు. 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి భాగం బిగించాడన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని నిరాకరించడానికి వీల్లేదు. ఆ భాగమే చెడగొట్టిందంటే మాత్రం నిరాకరించవచ్చు. ఇది ఇద్దరి మధ్య లెక్క.

పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును తీసేస్తే లెక్కలోకి మూడో పక్షం వస్తుంది. వెడల్పు గొట్టం కోసం చాలామంది చేసింది అదే. అమెరికా స్వచ్ఛ వాయు చట్టం కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడాన్ని నిషేధిస్తుంది. 1990 సవరణలతో ఆ నిషేధం డీలర్లకూ మెకానిక్కులకూ మాత్రమే కాక, సొంత కారు మార్చుకొనే వ్యక్తికీ వర్తించింది. 2020లో పర్యావరణ రక్షణ సంస్థ అంచనా ప్రకారం అంతకుముందు పదేళ్ళలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల నుంచి ఈ పరికరాలను తొలగించారు. 2021 జులై నుంచి కాలిఫోర్నియా పొగ తనిఖీలో కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ అసలుదా, మార్చినదా అన్నది కూడా చూస్తున్నారు.

కారు కోడ్ తెరిచి చూసే హక్కు గురించి 2015లో వాదన జరిగింది. కాపీరైట్ చట్టం నుంచి మినహాయింపు ఇస్తే జనం కాలుష్య నియంత్రణను తప్పిస్తారని పర్యావరణ రక్షణ సంస్థ జులైలో వ్యతిరేకించింది. సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ వ్యవహారం బయటపడింది. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద మరొకలా ప్రవర్తించే కోడ్‌ను ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల డీజిల్ కార్లలో పెట్టినది కంపెనీయే. అక్టోబరులో, మరమ్మతుకూ చట్టబద్ధమైన మార్పులకూ కారు సాఫ్ట్‌వేర్‌ను తెరవడానికి యజమానులకు మినహాయింపు మంజూరైంది. ఏడాది తర్వాత అమలయింది. మూత పెట్టి ఉంచితేనే గాలి శుభ్రంగా ఉంటుందన్న వాదన బలహీనపడింది. తెరిచినవాళ్ళంతా నిజాయితీపరులని మాత్రం దానితో తేలలేదు.

లాన్సర్ ఎవొల్యూషన్ 2010ల మధ్యలో ఆగిపోయింది. ఎస్‌టీఐ 2021 మోడలుతో ముగిసింది. నేటి మామూలు కుటుంబ సెడాన్‌లు చాలావాటిలో చిన్న టర్బో ఇంజను ఉంది. సాబ్ నేర్పినట్టు అది తనను తాను వింటూ, క్షణక్షణం సర్దుకుంటూ నడుస్తుంది. వదిలిన జాగా ఇప్పుడు తక్కువ. అయినా ఉంది. నాసిరకం పెట్రోలు పోసే రోజుకోసం, ఎడారి ఎండలో కొండ ఎక్కే రోజుకోసం, ఆ కారును మూడో చేతి మీదుగా కొనే మనిషికోసం, వెనక నడిచి వెళ్ళే పిల్లలకోసం పక్కన పెట్టినది అది. మంచి ట్యూనరుకు ఈ సంగతి తెలుసు. అందుకే అంకె మార్చేముందు ప్రతి వేగం దగ్గరా ఇంజను చెప్పేదాన్ని నమోదు చేసుకుంటాడు, కన్వర్టరును ఉన్నచోటే ఉంచుతాడు, చివరి కొద్ది హార్స్‌పవర్‌ను తీసుకోకుండా వదిలేస్తాడు.