ఈ రాయి ఎక్కడ దొరికింది?

నల్లటి గుండ్రాయి పగిలి, లోపల చక్రంలా చుట్టుకున్న గవ్వ ఆకారం కనిపిస్తే మీరేమంటారు? నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే అలాంటి రాయిని మనవాళ్ళు సాలగ్రామమని పూజిస్తారు. శాస్త్రవేత్తలు దాన్నే అమ్మొనైట్ అనే సముద్రజీవి శిలాజమని గుర్తించారు. హిమాలయాలున్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదనడానికి అదొక సాక్ష్యం. అదే రాయి ఎక్కడిదో తెలియకపోతే ఈ సాక్ష్యానికి విలువే ఉండదు.

జబల్పూరు చరిత్ర చూడండి. 1828లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలోని కెప్టెన్ స్లీమన్‌కు ఆ ఊరి బారా సిమ్లా గుట్ట దగ్గర రాయిగా మారిన ఎముకలు దొరికాయి. అవి ఏ జంతువువో ఆయనకు తెలియదు. 'డైనోసార్' అన్న మాటే అప్పటికి పుట్టలేదు. రిచర్డ్ ఓవెన్ దాన్ని 1842లో కల్పించాడు. అయినా స్లీమన్ ఆ ఎముకలను పారేయలేదు. చేతులు మారి అవి కలకత్తా చేరాయి. 1877లో రిచర్డ్ లిడెకర్ వాటిలోని వెన్నుపూసలను పరిశీలించి 'టైటనోసారస్ ఇండికస్' అని పేరు పెట్టాడు. దొరికిన చోటు తెలుసు గనుకనే చార్లెస్ మాట్లీ 1917లో మళ్ళీ ఆ గుట్టకే వెళ్ళి మరిన్ని డైనోసార్ ఎముకలు వెలికితీశాడు. చాలాకాలం కనిపించకుండా పోయిన తొలి వెన్నుపూస 2012లో కలకత్తాలోని భారత భూగర్భ సర్వే సంస్థ భాండాగారంలో బయటపడింది.

మన గోదావరి లోయలోనూ ఇంతే. యామన్‌పల్లి దగ్గర 1970లలో తవ్వితీసిన ఎముకలకు యాదగిరి 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. దొరికిన ఊరు జంతువు పేరులోనే నిలిచిపోయింది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు.

ఇక మీ ఊరి సంగతి. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా పాడ్ల్యా గ్రామస్థులు కులదైవంగా కొలిచిన గుండ్రాళ్ళు డైనోసార్ గుడ్లని 2023లో తేలింది. అలాగని ప్రతి గుండ్రాయీ గుడ్డు కాదు. నీటిలోని ఖనిజాలు ఏ ఆకు ముక్క చుట్టూనో పొరలుపొరలుగా పేరుకున్నా రాయి బంతిలా తయారవుతుంది. బండ పగుళ్ళలో నల్లని నాచు కొమ్మల్లా కనిపించేవి చాలావరకు మొక్కలు కావు, మాంగనీసు ఆక్సైడు గీసిన బొమ్మలు.

కాబట్టి ముందు రాయి జాతి చూడండి. హైదరాబాదు గుట్టల గ్రానైటు, కరిగిన శిలాద్రవం భూమి లోపల గడ్డకట్టి ఏర్పడింది; అందులో శిలాజాలు వెతకడం వృథా. ఇసుకరాయి, సున్నపురాయి, షేలు వంటి పొరల రాళ్ళలో ఆశ ఉంటుంది. అక్కడా రాయి వయసు ముఖ్యం. కడప ప్రాంతపు ప్రాచీన సున్నపురాళ్ళు ఎముకలున్న జీవులు పుట్టకముందటివి. వాటిలో కనిపించే అలల్లాంటి పొరలు స్ట్రొమటొలైట్లు, అంటే సూక్ష్మజీవుల కట్టడాలు.

తర్వాత భూతద్దం తీసుకోండి. విరిగిన అంచులో తేనెపట్టులాంటి సన్నని అల్లిక ఉంటే ఎముక కావచ్చు. బసాల్టులోనూ రంధ్రాలుంటాయి గాని, అవి లావా గట్టిపడేటప్పుడు చిక్కుకున్న వాయు బుడగల గుర్తులు. వాటికి ఒక క్రమం ఉండదు. గవ్వకు పెరుగుదల గీతలు, చెక్కకు పీచు, వలయాలు ఉంటాయి.

అనుమానం మిగిలితే సుత్తి ఎత్తకండి. రాయి పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోటో తీయండి. ఊరు, వాగు, గట్టు, ఎంత లోతున, ఏ పొరలో ఉందో రాసుకోండి. రాయి నేలలో ఇరుక్కుని ఉంటే పెకలించవద్దు. దాని చుట్టూ ఇంకేముందో నిపుణులు చూడాలి. ఆ వివరాలను దగ్గరి కళాశాల భూగర్భ శాస్త్ర శాఖకో, హైదరాబాదులోని భూగర్భ సర్వే కార్యాలయానికో పంపండి. పేరు పెట్టడం ఇవాళ కాకపోతే యాభై ఏళ్ళకైనా జరుగుతుంది. స్లీమన్ ఎముకలకు పట్టింది 49 ఏళ్ళు. దొరికిన చోటు మాత్రం ఇవాళే రాసుకోవాలి. రేపు అక్కడ క్వారీయో రోడ్డో రావచ్చు.