కార్గిల్ సమరంలో హైదరాబాద్ వీరుడు మేజర్ పద్మపాణి ఆచార్య, మహావీర చక్ర

పదాతి దళంలో కంపెనీ కమాండర్ బాధ్యత విశిష్టమైనది. ఉన్నత స్థాయిలో రూపొందిన యుద్ధ వ్యూహం రణరంగంలో ఫలించడం, విఫలం కావడం అనేది నూరు మందికి పైగా జవాన్లను వెంటబెట్టుకొని ముందుకు నడిచే ఆ యువ అధికారి నిబ్బరంపైనే ఆధారపడి ఉంటుంది. 1999 కార్గిల్ యుద్ధంలో ఈ సత్యాన్ని తన ప్రాణత్యాగంతో చాటిన అధికారి మేజర్ పద్మపాణి ఆచార్య. రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్‌కు చెందిన ఆయనకు దేశంలో యుద్ధకాల శౌర్య పురస్కారాలలో రెండవదైన మహావీర చక్ర మరణానంతరం లభించింది.

నేపథ్యం

ఒడిశా మూలాలు గల ఆచార్య కుటుంబం హైదరాబాద్‌లో స్థిరపడింది. ఆయన తండ్రి భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పదవీ విరమణ చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన పద్మపాణి, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది సైన్యంలో చేరారు.

1999 వేసవిలో పాకిస్తాన్ బలగాలు నియంత్రణ రేఖను దాటి ద్రాస్, కార్గిల్, బటాలిక్ ప్రాంతాలలోని పర్వత శిఖరాలను ఆక్రమించాయి. ద్రాస్‌కు ఎదురుగా ఉన్న తోలోలింగ్ నుంచి శ్రీనగర్-లేహ్ జాతీయ రహదారి శత్రువు కంటికి స్పష్టంగా కనిపించేది. లడఖ్‌లోని సేనలకు సరఫరాలు చేరవేసే ఆ రహదారిపై వాహనాల రాకపోకలు శత్రు ఫిరంగుల గురికి లోనయ్యాయి. కావున ఈ శిఖరాలను తిరిగి స్వాధీనం చేసుకోవడం సైన్యానికి తక్షణ కర్తవ్యమైంది. జూన్ 13న రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్ తోలోలింగ్‌పై విజయం సాధించింది. అనంతరం అదే బెటాలియన్‌కు నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అనే శిఖర సముదాయాన్ని వశపరచుకొనే బాధ్యతను అప్పగించారు.

జూన్ 28 రాత్రి

శత్రువు పటిష్ఠమైన బంకర్లు నిర్మించుకొని, వాటి ముందు మందుపాతరలు అమర్చి, ఎక్కివచ్చే దారులన్నింటినీ మెషిన్ గన్లు, ఫిరంగుల పరిధిలో ఉంచుకున్నాడు. ఇటువంటి ఒక స్థావరాన్ని పట్టుకొనే పని మేజర్ ఆచార్య కంపెనీకి అప్పగించారు. ఆ స్థావరం ఎంత త్వరగా చేజిక్కితే బెటాలియన్, బ్రిగేడ్ దాడులకు అంతగా విజయావకాశం ఉండేది.

దాడి మొదలైన కొద్దిసేపటికే శత్రు ఫిరంగి గుండ్లు ముందు నడుస్తున్న ప్లటూన్‌పై నేరుగా పడ్డాయి. అనేకమంది జవాన్లు నేలకొరిగారు. దాడి ఆగిపోయే పరిస్థితి ఏర్పడింది. అవసర సమయంలో వినియోగించడానికి వెనుక నిలిపి ఉంచిన రిజర్వు ప్లటూన్‌ను కంపెనీ కమాండర్ ఎప్పుడు, ఎక్కడ ప్రయోగిస్తారన్నదే అటువంటి క్షణంలో కీలకం. మేజర్ ఆచార్య దానిని పంపి ఊరుకోలేదు. తానే దాని ముందు నిలిచి, గుండ్ల వర్షం మధ్య నిటారైన రాతి వాలుపైకి నడిపించారు. పక్కన సహచరులు పడిపోతున్నా మిగిలిన వారికి ధైర్యం చెబుతూ ముందుకు సాగారు.

తూటాలను లెక్కచేయక పాకుతూ బంకరును సమీపించి గ్రెనేడ్లు విసిరారు. ఈ ప్రయత్నంలో తీవ్రంగా గాయపడి కదలలేని స్థితికి చేరుకున్నారు. అయినప్పటికీ తనను అక్కడే విడిచి శత్రువుపైకి దూకవలసిందిగా జవాన్లను ఆదేశించి, తాను పడి ఉన్న చోటి నుంచే కాల్పులు కొనసాగించారు. జవాన్లు ఆ ఆజ్ఞను శిరసావహించారు. స్థావరం వశమైంది. లక్ష్యం నెరవేరిన పిమ్మట మేజర్ ఆచార్య గాయాలతో వీరమరణం పొందారు.

సహచరుల త్యాగం

అదే పోరులో బెటాలియన్ మరి ఇద్దరు యువ అధికారులను కోల్పోయింది. నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ నైకెజాకువో కెంగురుసె, మంచు కప్పిన రాతిగోడపై పట్టు చిక్కక బూట్లు విప్పి ఎగబ్రాకి శత్రు స్థావరంపై దాడి చేశారు. ఆయనకు మహావీర చక్ర లభించింది. 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్‌కు వీర చక్ర ప్రకటించారు. ఈ ముగ్గురికీ పురస్కారాలు మరణానంతరం లభించినవే. కార్గిల్ యుద్ధంలో ప్రదానం చేసిన 9 మహావీర చక్రాలలో 4 ఈ ఒక్క బెటాలియన్‌కే దక్కడం గమనార్హం. తోలోలింగ్ పోరుకు గాను మేజర్ వివేక్ గుప్తా, నాయక్ దిగేంద్ర కుమార్ మిగిలిన రెండింటిని అందుకున్నారు. వీరిలో వివేక్ గుప్తాకు ఆ గౌరవం మరణానంతరం దక్కింది.

చివరి ఉత్తరం

మరణానికి 9 రోజుల ముందు, జూన్ 19న, మేజర్ ఆచార్య తన తండ్రికి ఉత్తరం రాశారు. యుద్ధంలో పాల్గొనడం జీవితకాలపు గౌరవమని అందులో పేర్కొన్నారు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బేందుకు ఆమెకు రోజుకొక మహాభారత కథ వినిపించవలసిందిగా తండ్రిని కోరారు. తల్లి గర్భంలోనే పద్మవ్యూహ రహస్యం విన్న అభిమన్యుని కథ తెలిసిన వారికి ఈ కోరికలోని అంతరార్థం వివరించనవసరం లేదు. జూన్ 21న ఆయన జన్మదినం యుద్ధభూమిలోనే గడిచింది. మరి కొన్ని నెలలకు కుమార్తె జన్మించింది. ఆమెను ఆయన చూడలేకపోయారు.

1999 ఆగస్టు 15న మహావీర చక్ర ప్రకటన వెలువడింది. 2003లో విడుదలైన ‘ఎల్.ఓ.సి. కార్గిల్’ హిందీ చలనచిత్రంలో మేజర్ ఆచార్య పాత్రను తెలుగు నటుడు అక్కినేని నాగార్జున పోషించారు. ఏటా జూలై 26న కార్గిల్ విజయ్ దివస్ సందర్భంగా జాతి స్మరించుకొనే వీరులలో, తన్ను విడిచి ముందుకు సాగమని ఆజ్ఞాపించిన ఈ హైదరాబాద్ అధికారి స్థానం చిరస్మరణీయం.