ఎద్దు పండ్లు, ట్రాక్టరు గంటలు

కోలారు, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి వైపు ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం మాట్లాడుకునే మనవాళ్ళకు పశువుల బేరం తెలియని విద్య కాదు. శివరాత్రికి ఆవని తిరునాళ్ళు, డిసెంబరు, జనవరి నెలల్లో ఘాటి సుబ్రహ్మణ్యం పరస. ఈ రెండు చోట్లా హళ్ళికారు ఎద్దులను చూడడానికి మూడు రాష్ట్రాల రైతులు కలుస్తారు. ఆ పరసలు ఇప్పటికీ జరుగుతున్నాయి. కాని ఎద్దుల కోసం వెళ్ళేవాళ్ళు తగ్గారు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఎద్దులు, కోడెలు కలిపి 2012 నాటికంటే సుమారు 30 శాతం తగ్గాయి. వాటి బదులు ఇళ్ళ ముందు చిన్న ట్రాక్టర్లు నిలబడ్డాయి. అందులో చాలా వరకు ఇంకొకరు వాడి అమ్మినవే. ఎద్దును చూసి కొన్న ఆ కన్ను ఈ పాత ట్రాక్టరు దగ్గర ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది ఈరోజు మీతో చెప్పుకోవాలని ఉంది.

ముందు ఎద్దు సంగతి. కొనేవాడు నేరుగా ఎద్దు దగ్గరికి పోడు. దూరంగా నిలబడి నడక చూస్తాడు. వెనక కాలు ముందు కాలి అడుగులో పడుతున్నదా, కుంటు ఉన్నదా అని. తర్వాత దగ్గరికి వచ్చి గిట్టలు, మూపురం, కాడి రాసుకున్న చోట తోలు. ఆ పిమ్మట నోరు తెరిపిస్తాడు. పశువుకు ముందరి పండ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పాలపండ్లు ఊడి జత తర్వాత జత అసలు పండ్లు వస్తాయి. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అంటూ వయసు చెప్పడం అందుకే. ఎనిమిదీ వస్తే నోరు కూడిందంటారు. కన్నడంలోనూ బాయిగూడిన ఎత్తు అనే మాట ఉంది. ఆ తర్వాత పండ్ల అరుగుదలను బట్టి లెక్క. చివరికి కాడి కట్టి, బరువు బండి లాగించి చూసేవారు. ధర మాత్రం నోటితో చెప్పరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి అంతుబట్టదు.

సుడుల శాస్త్రం అని ఇంకొకటి ఉండేది. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి మేలు, ఫలానా చోట ఉంటే కీడు అని. మంచి ఎద్దును సుడి పేరు చెప్పి చవగ్గా కొట్టేసిన దళారులూ ఉన్నారు. ట్రాక్టరుకు సుడులు లేవు కాని కొత్త రంగు ఉంది. నా మట్టుకు రెండూ ఒకే కోవలోవి. చూడవలసిన చోటి నుంచి కన్నును పక్కకు లాగుతాయి.

ఇక ట్రాక్టరు. మన దేశానికి అది చిన్న రైతు కోసం రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ యుద్ధంలో మిగిలిన అమెరికన్ యంత్రాలతో మధ్య భారతంలో కాన్స్ గడ్డి పట్టిన బీళ్ళను దున్నించింది. ఆ పనికే 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. 1959లో ఫరీదాబాదులో ఐషర్ కంపెనీ ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. ఆ వెనకనే మద్రాసులో టాఫె వచ్చింది. రష్యా నుంచి, జెకోస్లొవేకియా నుంచి, పోలండు నుంచి ఓడల్లో దిగినవి సరేసరి. హరిత విప్లవం రోజుల్లో అడిగేవారు ఎక్కువ, బండ్లు తక్కువ. చివరకు 1971లో ట్రాక్టర్ల పంపిణీ, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం నియంత్రణ ఉత్తర్వు తేవలసి వచ్చింది. పేరు రాయించుకొని వంతు కోసం ఎదురుచూసిన కాలం అది. కొత్తది దొరకనప్పుడు పాతదానికి గిరాకీ రావడం వింతేమీ కాదు.

అయితే అవన్నీ నాలుగైదు ఎకరాల రైతుకు పెద్దవి. మన వైపు జీవనది లేదు. చెరువు కింద కాస్త మడి, బోరు కింద మల్బరీ, టమోటా, మిగతాది రాగిచేను. మడక తిరిగినంత సులువుగా పెద్ద ట్రాక్టరు మల్బరీ సాళ్ళ మధ్య తిరగదు. (మడక అంటే ఏమిటని తరగతిలో అడిగితే ఇప్పుడు సగం మంది పిల్లలు తడుముకుంటారు. రోటవేటరు అంటే మాత్రం అందరూ చెయ్యెత్తుతారు.) చిన్న రైతును తలచుకొని చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. దుర్గాపురంలోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపకల్పనతో పంజాబ్ ట్రాక్టర్స్ 1974లో స్వరాజ్ 724ను తెచ్చింది. పొరుగునే బెంగుళూరులో 1967లో మొదలైన వి.ఎస్.టి. సంస్థ జపాను మిత్సుబిషి సహకారంతో ముందు పవర్ టిల్లరు, తర్వాత మిత్సుబిషి శక్తి అనే చిన్న ట్రాక్టరు చేసింది. 18.5 హెచ్.పి., మూడు సిలిండర్లు. జపానులో కమతాలు చిన్నవి. వాళ్ళ వరిమళ్ళకు కుదిరిన కొలత మన సాళ్ళకూ కుదిరింది. మన కమతాలూ చిన్నవవుతూ వచ్చాయి. వ్యవసాయ గణాంకాల ప్రకారం 1970-71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు, 2015-16కు 1.08 హెక్టార్లు. అన్నదమ్ములు పంచుకున్న కొద్దీ ట్రాక్టరూ చిన్నది కావలసి వచ్చిందన్నమాట.

ఇప్పుడు మీరు అలాంటి పాత చిన్న ట్రాక్టరు చూడడానికి బయలుదేరారనుకుందాం. జత ఎద్దులు అమ్మిన డబ్బు, నగ కుదువపెట్టిన డబ్బు, సొసైటీ అప్పు కలిపి పట్టుకొని పోతున్నారు. తప్పితే మళ్ళీ పోగయ్యే సొమ్ము కాదు. పోగానే స్టార్టు చేయించకండి. ముందు బానెట్ మీద, ఇంజను మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే ఎవరో స్టార్టు చేసి ఉంచారన్నమాట. చలి ఇంజను మొరాయించే సంగతి మీకు తెలియకుండా పోతుంది. ఇంకోరోజు వస్తామని చెప్పి తిరిగి రావడంలో నామోషీ లేదు.

స్టార్టు చేసే ముందే ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. రేడియేటరు మూత తీసి నీళ్ళ మీద నూనె తెట్టు ఉందేమో చూడండి. స్టార్టయ్యాక పొగ సంగతి. మొదట కాస్త తెల్లపొగ వచ్చి ఆగితే పర్వాలేదు. ఆగకుండా తెల్లగా వస్తే డీజిల్ సరిగా మండడం లేదనో, నీళ్ళు లోపలికి పోతున్నాయనో అనుమానించాలి. నీలం పొగ అంటే ఇంజను ఆయిల్ తాగుతున్నది. నల్లపొగ గాలి ఫిల్టరు మూసుకుపోయినా వస్తుంది, అది అన్నిసార్లూ పెద్ద జబ్బు కాదు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు అక్కడి నుంచి పొగ బుసబుస తన్నుకొస్తుంటే మాత్రం పిస్టన్, రింగుల ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

వయసు చెప్పేది గంటల మీటరు. ట్రాక్టరుకు కిలోమీటర్లు కాదు, ఇంజను తిరిగిన గంటలే లెక్క. ఇక్కడే ఎద్దుకూ దీనికీ తేడా. ఎద్దు నోటి పండ్లను ఎవడూ మార్చలేడు, మీటరును మార్చగలడు. కాబట్టి మీటరు చెప్పేదాన్ని ఇతర సాక్షులతో సరిపోల్చాలి. క్లచ్ పెడల్ మీది రబ్బరు నున్నగా అరిగి ఇనుము తేలింది, మీటరు మాత్రం కొద్ది గంటలే చూపుతోంది, అలాంటిదాన్ని నమ్మకండి. ట్రాలీ పిన్ను దూర్చే రంధ్రం చూడండి. గుండ్రంగా ఉండవలసింది కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ బండి పొలం కంటే రోడ్డు మీద ఇటుకలు, ఇసుక ఎక్కువ మోసింది. వెనక రోటవేటరు తగిలించే పి.టి.ఓ. షాఫ్టు ఉంటుంది కదా, దానికీ సాధారణంగా ఆరు పండ్లే. ఆ పండ్ల అంచులు ఒకవైపు అరిగి పదునెక్కాయా, మెలి తిరిగాయా చూడండి. పాత ఎద్దుల బేరగాడు ఇక్కడ మాత్రం తడబడడు.

ముందు చక్రాలను జాకీ మీద లేపి పట్టి ఊపండి. గడగడలాడితే బుష్షులో, బేరింగులో పోయాయి. తర్వాత కాడి కట్టి చూడడం లాంటిది ఒకటి ఉంది. రోటవేటరును పైకి లేపించి ఇంజను ఆపించండి. అది గాలిలో కొంతసేపు నిలవాలి. మీరు చూస్తుండగానే దిగజారితే హైడ్రాలిక్ సీళ్ళకు పని పడింది. ఆ తర్వాత పొలంలో దించి నాలుగు సాళ్ళు దున్నించండి. ఇంటి ముందు ముద్దుగా కొట్టుకునే ఇంజను మట్టి తగిలేసరికి ఎలా మూలుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

కంపెనీ చరిత్ర కూడా చూసుకోవాలి అనడానికి ఒక్క ఉదాహరణ చాలు. మన గడియారాల హెచ్.ఎం.టి. 1971లో జెకోస్లొవేకియా సహకారంతో హర్యానాలోని పింజోరులో 25 హెచ్.పి. జెటార్ ట్రాక్టరు తయారీ మొదలుపెట్టింది. గట్టి బండి అని ఎంతో పేరు. కాని 2016లో ఆ విభాగాన్ని మూసివేయడానికి కేంద్రం నిర్ణయించింది. బండి గట్టిదే, తయారుచేసిన ఇల్లు లేదు. అలాంటిది చవగ్గా వస్తే, కొనేముందే దగ్గరి పట్టణంలో ఏ సామాను దొరుకుతుందో అంగట్లో అడిగి రండి. యంత్రం పని నేర్చుకోవాలనే పిల్లలుంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ మనకు దూరమేమీ కాదు.

చివరగా ఎద్దుకు లేనిది, దీనికి ఉన్నది కాగితం. సంతలో పగ్గం చేతికిస్తే బేరం ముగిసినట్టే. ఇక్కడ తాళంచెవి చేతికిస్తే ముగియదు. ఇంజను మీదా, ఛాసిస్ మీదా కొట్టిన నంబర్లను ఆర్.సి.తో అంకె అంకె కలిపి చూడండి. గీకి మళ్ళీ కొట్టినట్టుంటే అక్కడే నమస్కారం పెట్టి రండి. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఉత్తరం, 35వ నంబరు ఫారం కావాలి. అవి లేకుండా కొంటే ఇంకొకరి బాకీకి మీ ఇంటి ముందు బండి పోతుంది. మన ఊళ్ళకు మదనపల్లె, కుప్పం, కృష్ణగిరి అన్నీ దగ్గరే కాబట్టి సరిహద్దు దాటి కొనడం మామూలు. అలాంటప్పుడు 28వ ఫారంలో ఆ రాష్ట్రపు నిరభ్యంతర పత్రం తప్పనిసరి. 29, 30 ఫారాలు పేరు మార్పిడికి. అమ్మేవారికీ ఒక మాట. 2018లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, ప్రమాదం జరిగిన నాటికి రిజిస్టరులో ఎవరి పేరుందో పరిహారానికి వారే బాధ్యులు. పాత ఎద్దును అమ్మినవాడికి ఆ తర్వాత దాని గొడవ లేదు. బండి అమ్మి పేరు మార్పించనివాడికి ఉంటుంది. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా ఆర్.టి.ఓ. కార్యాలయానికి తెలపాలి. డబ్బు చేతులు మారే రోజునే, ఆ గడపలోనే, ఫారాల మీద సంతకాలు చేయించుకోండి.