మారిషస్ దీవిలో రామభజన

శనివారం రాత్రి ఆంజనేయుని గుడి ముందు తాళాలు, మద్దెల మోగటం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల శ్రోతలకు కొత్త కాదు. ఒకరు పాట ఎత్తుకొంటారు, తక్కినవారు అందుకొంటారు. ఇంత సామాన్యమైన పల్లె భజన పరాయి దేశంలో ఒక జనసమూహాన్ని తెలుగువారుగా నిలబెట్టగలదా? నిలబెట్టినదనటానికి హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవి సాక్ష్యం.

ఆ దీవి 1715 నుండి 1810 వరకు ఫ్రెంచివారి అధీనంలో ఉండేది. 1810 లో ఆంగ్లేయులు దానిని జయించినా, అక్కడివారి చట్టాలను, ఆచారాలను మన్నిస్తామని లొంగుబాటు ఒడంబడికలో మాట ఇచ్చినారు. ఏలిక మారినది గాని పలుకు మారలేదు. తోటల యజమానులు ఫ్రెంచి మాట్లాడేవారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి నడుమ, ఫ్రెంచి మాటల నుండి రూపొందిన క్రియోలు సామాన్యుల వాడుక భాష అయినది. 1835 లో బానిసత్వం రద్దు కాగా, చెరకుతోటలకు కూలీలు కావలసి వచ్చినారు. 1834 మొదలు 1920 వరకు దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా అక్కడికి చేరినారు. వారు దిగిన రేవుకట్ట ఆప్రవాసీ ఘాట్ 2006 లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకెక్కినది.

వారిలో తెలుగువారు కొద్దిమందే. గోదావరి ముఖద్వారాన గల కోరంగి ఆనాడు పేరుపొందిన ఓడరేవు. 1839 నాటి పెనుతుఫాను ఆ రేవును నాశనం చేసినా, దాని పేరు కడలి దాటినది. బర్మాలోవలెనే మారిషస్‌లోను తెలుగువారిని కోరంగీలని పిలిచినారు. ఎక్కివచ్చిన రేవు పేరే జాతి పేరైనది.

వీరికి రెండు విధాల ఒంటరితనం. యజమానితో మాట్లాడటానికి, అంగడిలో బేరమాడటానికి తెలుగు పనికిరాదు. తోటి భారతీయులలో అధికసంఖ్యాకులు భోజపురి మాట్లాడే బీహారువారు. ఇటువంటి చోట మాట నిలవటం కష్టం. మాటకు అవతల బదులు చెప్పేవాడు కావలె. పాటకు అంత అవసరం లేదు. నలుగురు కూడి, నడుమ ఒక దీపం పెట్టుకొంటే చాలును. ఆ దీపం చుట్టూ తిరుగుతూ, తాళం వేస్తూ రామునిపై పాటలు పాడటమే మారిషస్ తెలుగువారి రామభజన. సింహాద్రి అప్పన్న పూజ కూడా వారి ఇండ్లలో నిలిచినది.

భజనకు పుస్తకం అక్కరలేదు. చదువురాని కూలీ సైతం జ్ఞాపకంలో దానిని మోసుకొని పోగలడు. ముందు పాడినవాని వెంట అనటమే పద్ధతి గనుక, అర్థం తెలియని పసివాడు కూడా గొంతు కలుపగలడు. మేము గమనింపదలచినది ఇక్కడనే. ఏ గుణం పాటను తరతరాలకు అందించినదో, ఆ గుణమే అర్థాన్ని జారవిడువగలదు. ఇంటి భాష క్రియోలు అయిన పిల్లవానికి రామభజన ఇంపైన ధ్వనిగా మాత్రమే మిగిలిపోవచ్చును.

ఈ ప్రమాదాన్ని అక్కడి పెద్దలు గ్రహించినారు. ఆంధ్ర మహాసభ ఏర్పడినది. పాఠశాలలలో తెలుగు బోధన ప్రవేశించినది. 1970 లో స్థాపితమైన మహాత్మాగాంధీ సంస్థలో తెలుగుకు చోటు దొరికినది. 1968 లో స్వతంత్రమైన ఆ దేశంలో ఉగాది నేడు జాతీయ సెలవుదినం. 1990 లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినవి. బడి భజనను తొలగించి దాని చోట వచ్చినది కాదు, భజన కాపాడిన మాటలకు అర్థం చెప్పటానికి వచ్చినది.

ఈ కథ పాలమూరు సీమకు దూరమైనది కాదు. వానలు తప్పిన ఏడు ఇక్కడి నుండి కూలీలు దేశం నలుమూలలకు వలస పోయినారు. ఎన్నో ఆనకట్టలు, కాలువలు వారి చెమటతో లేచినవి. పాలమూరు కూలీ అన్న మాట, కోరంగీ అన్న మాటవలెనే, బయటివారు పెట్టిన పేరు. వలస చోట బడిలో మరొక భాష నేర్చే పిల్లలు మన పల్లెలలోను ఉన్నారు. వారు పండుగకు ఊరికి వచ్చి భజనలో నిలబడినప్పుడు, పాట వెంట అనిపించటంతో పెద్దల పని తీరదు. ఒక్కొక్క మాటకు అర్థం విప్పిచెప్పవలె. నూట ఎనభై యేండ్లకు పైగా సాగిన మారిషస్ అనుభవం బోధించేది ఇదియే: పాట ఉన్నంతవరకు భాషకు తిరిగివచ్చే దారి ఉన్నది, కాని ఆ దారిన పిల్లలను చేయి పట్టి నడిపించేవారు కావలె.