డాన్ పాచ్: సరుకుల మీదికెక్కిన గుర్రం పేరు

డాన్ పాచ్ 1896లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టిన పందెపు గుర్రం. యజమాని డాన్ మెస్నర్‌ది ఆ ఊళ్లో కొట్టు. 255 డాలర్లకు జెలికా అనే ఆడగుర్రాన్ని వేలంలో కొని, అప్పట్లో పేరున్న జో పాచెన్ అనే మగగుర్రంతో దాటించాడు. పుట్టిన పిల్ల కాలు వంకర. పందేల మాట అలా ఉంచి, సరుకుల బండి లాగడానికైనా పనికొస్తుందా అనుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి దాని బొమ్మ లేని పల్లె లాయం అమెరికాలో అరుదైంది.

ఆనాటి అమెరికా చిన్న ఊళ్లలో గుర్రప్పందెం అంటే జీనెక్కి దౌడు తీయించడం కాదు. సల్కీ అనే తేలికైన రెండు చక్రాల బండి కట్టి, దాని మీద కూర్చుని తోలేవారు. గుర్రం దౌడు అందుకోకూడదు, నియమించిన నడకలోనే పరుగు తీయాలి. ఆ నడకలు రెండు. ట్రాటర్ ఎదురెదురు మూలల కాళ్లను జతగా వేస్తుంది. పేసర్ ఒక పక్క కాళ్లు రెండూ ఒకసారి, రెండో పక్కవి మరోసారి వేస్తుంది. డాన్ పాచ్ పేసర్. 1890ల తొలినాళ్లలో సల్కీకి సైకిల్ చక్రాలు, గాలి టైర్లు వచ్చాక వేగాలు గబగబా పెరిగాయి. 1897లో స్టార్ పాయింటర్ మైలును తొలిసారి 2 నిమిషాల లోపు ముగించింది.

ఏటా పంటలు చేతికొచ్చే రోజుల్లో జరిగే కౌంటీ ఫెయిర్ ఈ పందేలకు వేదిక. మన పశువుల సంత, తిరునాళ్లు కలిసినట్టుండేది అది. బలిసిన ఎద్దులు, గుమ్మడికాయలు, కొత్త నాగళ్లు, కుట్టుమిషన్లు ఒక వైపు, మట్టి పరిచిన, కోలగా ఉన్న పందెపు బాట మరో వైపు. ఒక్క టికెట్టుతో అన్నీ చూడొచ్చు. పందెం చూడ్డానికి వచ్చిన రైతు కొత్త పనిముట్టు దగ్గర ఆగేవాడు, పనిముట్టు కోసం వచ్చినవాడు బాట పక్కన నిలబడిపోయేవాడు. చిన్న ఊరికి కొత్త సరుకు పరిచయమైన చోట్లలో ఇది ముఖ్యమైనది.

డాన్ పాచ్ 1900లో పక్కనున్న బోస్వెల్ సంతలో తొలి పందెం గెలిచింది. పందేలాడినంత కాలం అక్కడక్కడా ఒక విడత పోగొట్టుకుందేమో గానీ, మొత్తం పందెం ఎన్నడూ ఓడలేదు. 1902లో మెస్నర్ దాన్ని 20,000 డాలర్లకు న్యూయార్క్ వాసికి అమ్మేశాడు. అదే ఏడాది చివర్లో మిన్నియాపొలిస్ వ్యాపారి మేరియన్ విల్లిస్ శావేజ్ 60,000 డాలర్లిచ్చి కొన్నాడు. ఆరేళ్ల తర్వాత వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు తొలి ధర 850 డాలర్లు. దీన్ని బట్టి ఆ సొమ్ము ఎంతటిదో తెలుస్తుంది.

శావేజ్‌ది ఇంటర్నేషనల్ స్టాక్ ఫుడ్ అనే కంపెనీ. పశువుల దాణాలో కలిపే పొడి అమ్మేది. ఆ రోజుల్లో మార్కెట్లో ఉన్న ఇలాంటి పొడుల్లో మెంతులు, ఉప్పు, బొగ్గుపొడి, చేదు వేళ్లు ఉండేవి. వాటికి అంత ధర తగదని వ్యవసాయ పరిశోధన కేంద్రాలు రాస్తూనే ఉండేవి. అయితే రైతు పరిశోధన పత్రాలు చదవడు, గుర్రాన్ని చూస్తాడు. గిట్టలు, పళ్లు, ఊపిరి చూసి గుర్రాన్ని అంచనా కట్టడం అతనికి చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య. ప్రపంచంలోకెల్లా వేగమైన గుర్రం ఈ దాణాయే తింటోందన్న మాట అందుకే అతనికి నేరుగా తగిలింది. శావేజ్ ప్రతిభంతా ఇక్కడే ఉంది.

పత్రికల్లో అతని ప్రకటన డాన్ పాచ్ రంగుల బొమ్మను తపాలా ఖర్చు కూడా లేకుండా ఉచితంగా పంపుతానని చెప్పేది. అడిగేది రెండే సంగతులు: ఏ పత్రికలో చూశారు, మీకు ఎన్ని పశువులున్నాయి. మొదటి జవాబుతో ఏ ప్రకటన పనిచేస్తోందో తెలిసేది, రెండో జవాబుతో ఎవరు ఎంత కొనగలరో తెలిసేది. పల్లెల్లో ఇంటి గుమ్మం దాకా ఉత్తరాలు చేర్చే ఉచిత తపాలా సేవ 1896లో మొదలై అప్పటికి విస్తరిస్తోంది. బొమ్మ లాయం గోడకెక్కేది, రైతు చిరునామా కంపెనీ దస్త్రంలోకి చేరేది.

గుర్రం తెల్లరంగు వేసిన సొంత రైలుపెట్టెలో సంత నుంచి సంతకు తిరిగేది. ఎదురు నిలిచే గుర్రాలు లేక గడియారంతోనే పోటీ. జూదం ఊసు లేని ప్రదర్శన కాబట్టి చర్చికి వెళ్లే కుటుంబాలు కూడా పిల్లలతో వచ్చేవి. 1905లో లెక్సింగ్టన్‌లో మైలును 1 నిమిషం 55¼ సెకన్లలో ముగించింది. 1906 సెప్టెంబరులో మిన్నెసోటా రాష్ట్ర సంతలో 1:55కు చేరింది. ఆ రోజు 93,000 మంది చూశారని అప్పటి లెక్క. గాలిని అడ్డుకునే తెర కట్టిన మరో బండి ముందు పరుగెత్తిందని ఆ రికార్డును అధికారికంగా ఒప్పుకోలేదు. శావేజ్ మాత్రం 1:55 అంకెను వదల్లేదు, ప్రకటనల నిండా అదే.

ఇక పేరు సరుకుల మీదికెక్కింది: సిగార్లు, పొగాకు డబ్బాలు, పిల్లల మంచుబళ్లు, జేబుకత్తులు, పొయ్యిలు, వాషింగ్ మెషిన్లు. డాన్ పాచ్ టూ స్టెప్ అనే నాట్యసంగీతం అచ్చయి ఇళ్లలోని పియానోల మీదికి చేరింది. మిన్నియాపొలిస్ నుంచి దక్షిణానికి వేసిన రైలుమార్గాన్ని డాన్ పాచ్ లైన్ అన్నారు. పొయ్యికీ గుర్రానికీ పొత్తేమిటని ఎవరూ అడగలేదు. ముక్కూమొహం తెలియని కర్మాగారం వస్తువును కొనడానికి ఊరి మనిషికి తెలిసిన పేరొకటి కావాలి, అది దొరికింది.

శావేజ్ కట్టించిన విశాలమైన గుమ్మటాల లాయాన్ని జనం తాజ్‌మహల్ అని పిలిచేవారు. లోపల ఆవిరితో వెచ్చదనం, పక్కనే కప్పు వేసిన అర మైలు బాట. దగ్గర్లోని హామిల్టన్ అనే ఊరు పేరు మార్చుకుని శావేజ్ అయింది.

డాన్ పాచ్ 1909లో విశ్రాంతి తీసుకుంది. అప్పటికే మోడల్ టి కార్లు పల్లె దారుల్లోకి వస్తున్నాయి. 1916 జులై 11న గుర్రం చనిపోయింది, మర్నాడే శావేజ్ కూడా కన్నుమూశాడు. పేసర్ల మైలు రికార్డు 1938లో గానీ మారలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో దాని లాయం కప్పు మీద పెద్ద అక్షరాలతో డాన్ పాచ్ 1:55 అని రాశారు.