కాలువ గట్టు మీద శివయ్య

ఈ వారం కొంచెం తీరిక దొరికింది. ఒక పాత సినిమా చూశాను, ఒక నవల మూడోసారి చదివాను. సినిమా 'మాలపిల్ల' (1938), నవల జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' (2000). రెండూ నాకు నచ్చాయి, కానీ ఒకేలా కాదు. ఆ తేడా గురించే ఈ పోస్టు. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదట సినిమా. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, పాటలు బసవరాజు అప్పారావు. డబ్బు చల్లపల్లి జమీందారుది. కాంచనమాలను చూస్తుంటే మన తాతల తరం ఆమె కోసం ఎందుకు అంత వెర్రెత్తిపోయిందో అర్థమవుతుంది. ఎనభై ఏళ్లు దాటిన ప్రింటు గీతలు పడిపోయింది, శబ్దం బొంగురుపోయింది, అయినా ఆ కళ్లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. ఒక మాల అమ్మాయిని కథానాయికగా పెట్టి, గుడి ధర్మకర్త కొడుకు ఆమెను ప్రేమించాడని 1938లో తెర మీద చూపించడం చిన్న సాహసం కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ కథ ఎలా తెగుతుందో గమనించండి. కళ్యాణపురంలో మాలలకు గుడి లేదు, చెరువు లేదు. వాళ్ల తరఫున నిలబడేది సంస్కర్త చౌదరయ్య. శాస్త్రి గారి మనసు ఎప్పుడు మారుతుంది? ఇల్లు తగలబడుతున్నప్పుడు ఒక మాల యువకుడు మంటల్లోకి దూకి ఆయన భార్యను కాపాడాక. అంటే గుడి తలుపు తెరవాలంటే ముందు మనం ప్రాణాలకు తెగించి మంచివాళ్లమని రుజువు చేసుకోవాలి. తలుపు మూసినవాడు మాత్రం ఏదీ రుజువు చేయనక్కర్లేదు!

ఇంకో విషయం. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' (1922)లోనూ ఒక చౌదరయ్య ఉన్నాడు. ఆయన భూస్వామి, సంగదాసును చంపినవాడు. పదహారేళ్ల తర్వాత సినిమాలో అదే పేరు గాంధేయ సంస్కర్తకు వచ్చింది. ఇది కావాలని చేశారని నేను అనను. ఒట్టి కాకతాళీయమైనా, అప్పటి రాజకీయం ఎటు నడిచిందో చెప్పడానికి పనికొచ్చే కాకతాళీయం. మధ్యలో 1932 పూనా ఒప్పందం, ఆ తర్వాత గాంధీ గారి హరిజన యాత్ర జరిగాయి. సినిమా విడుదలైన 1938లోనే, జనవరిలో, బొంబాయి శాసనసభలో 'హరిజన' అన్న పేరును బిల్లులో పెట్టడానికి ఒప్పుకోక బాబాసాహెబ్, ఆయన పార్టీ సభ్యులు వాకౌట్ చేశారు. మన దగ్గర 1917లోనే బెజవాడ సభలో, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, 'పంచమ' పేరు కాదని 'ఆది ఆంధ్ర' అన్నారు. పేరు పెట్టుకునే హక్కు కోసం మనవాళ్లు ఇరవై ఏళ్లుగా కొట్లాడుతుంటే, తెర మీద మాత్రం వేరేవాళ్లు పెట్టిన పేరే మోగింది.

ఇప్పుడు నవల. ఇది రూతు జ్ఞాపకం. ఆమె భర్త రూబేను, అతని తండ్రి శివయ్య, ఆయన తండ్రి ఎల్లన్న. ఎన్నెలదిన్ని మాలపల్లెలో పాట కట్టి, ఆట ఆడి బతికిన ఎల్లన్న దగ్గర్నుంచి కథ కదులుతుంది. ఆయన భార్య సుభద్ర పాత్ర ఒక్కటి చాలు, ఈ నవలను మళ్లీ మళ్లీ చదవడానికి. ఇందులో ఎవరూ గుడి తలుపు దగ్గర నిలబడి అడుక్కోరు. (చివరి తరాల కథ పరుగులు పెట్టిందనీ, రచయిత రాజకీయం కథను తోసుకొని ముందుకు వెళ్లిందనీ నా ఫిర్యాదు. వేరే రోజు మాట్లాడుకుందాం.)

నన్ను ఆపేసింది కాలువ ఘట్టం. కరువుకు ఊరు వదిలి శివయ్య, శశిరేఖ బకింగ్‌హాం కాలువ పనికి నడుస్తారు. తీరా వెళ్తే అక్కడా కులమే. అంటరానివాళ్లని తెలిసి తరిమేస్తారు. మట్టి తవ్వడానికి కూడా కులం కావాలి. మార్టిన్ చేరదీశాక శివయ్య సీమోను అవుతాడు.

ఇది చదువుతుంటే నా విద్యార్థి ఒకతను అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది: "సార్, మనోళ్లు నిజంగా అన్నం కోసమే మతం మారారా?" హాస్టల్లో ఎవరో అతన్ని అలా ఎద్దేవా చేశారట. ఆ మాట మనందరం విన్నదే. కాబట్టి నవలను కాసేపు పక్కన పెట్టి చరిత్ర చూద్దాం.

1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పని కూలీని మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌండంటే సుమారు 450 గ్రాములు. అది తిని రోజంతా గడ్డపార వేయాలి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, జనానికి పని దొరకాలని కాలువలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తవ్వినవాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. శివయ్యను తరిమిన ఆ కాలువ మీదే, అతనిలాంటివాళ్లు పని చేయగలిగిన చోటు అలా ఏర్పడింది.

ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. కరువు సాయం నడుస్తున్న పదిహేను నెలలూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని. సాయం ఆగిపోయాక జనం ఆగలేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలోకి దిగి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు స్థానిక బోధకులు, విడతకు ఇద్దరు చొప్పున. ఏ చెరువులో దిగితే మైల అన్నారో ఆ మనుషులే ఆ రోజు నదిలో దిగారు.

అసలు కథ కరువుతో మొదలైంది కూడా కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి, 1866లోనే భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. కరువుకు పదేళ్ల ముందు. తర్వాత పల్లె పల్లె తిరిగి చెప్పింది ఆయనే. మిషన్ చరిత్రల్లో మొదట కనపడేది క్లౌ పేరు. పేరయ్య కోసం పేజీలు తిరగేయాలి.

కడుపాకలి లేదని నేను అనడం లేదు. ఉంది. కానీ ఆకలితో ఉన్నవాడికి ఆలోచన ఉండదని ఎవరన్నారు? గోదాముల్లో ధాన్యం ఉన్నవాడు మతం పట్టుకుంటే భక్తి, కూలోడు మారితే గంజి! 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం మారినవాడి ఎస్సీ హోదా తీసేసింది, కులం మాత్రం అతని వెంటే ఉంది. ఆ విద్యార్థిని ఎద్దేవా చేసినవాడికి అతను క్రైస్తవుడని కంటే ముందు ఏమని తెలుసో మీకు చెప్పనక్కర్లేదు.

చదవాల్సింది ఇంకా ఉంది. వేముల ఎల్లయ్య 'కక్క', సుజాత గిడ్ల పుస్తకం పక్కన పెట్టుకోండి. సినిమా కావాలంటే 'పలాస 1978' (2020) చూడండి. అందులో కథను నడిపేది వాడ మనుషులే, మంటల్లో దూకి మెప్పు పొందాల్సిన పని లేకుండా.

మా క్లాసులో పిల్లలకు ఒక పని ఇచ్చాను. మీ ముత్తాత, ముత్తవ్వల రెండు పేర్లూ రాసుకు రండి, పాతదీ, చర్చిలో పెట్టుకున్నదీ. ఇప్పటికి పదకొండు ఇళ్ల నుంచి వచ్చాయి. నాలుగిళ్లలో పాత పేరు ఎవరికీ గుర్తు లేదు. మీ ఇళ్లలోనూ అడగండి, కింద రాయండి.

వచ్చే వారం కుసుమ ధర్మన్న గారి 'మాకొద్దీ నల్లదొరతనము' గురించి.